పిల్లలున్న ఊరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే దారి పొడవునా ప్లాట్ల హోర్డింగులే. చౌటుప్పల్ దాటినా అవే, నార్కట్‌పల్లి దాటినా అవే, సూర్యాపేట దాటినా అవే. పచ్చటి గడ్డి, వెనకాల ఓ గుట్ట, ముందు ఓ పాప. మీ పిల్లలకు స్వచ్ఛమైన గాలినివ్వండి అన్న అర్థం వచ్చే మాట ఏదో ఒకటి పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? ఆ బొమ్మలో పాప ఒక్కతే ఉంటుంది. ఆడుకోవడానికి ఇంకో పిల్ల ఉండదు. పడితే లేవదీయడానికి ఓ పెద్దమనిషీ కనిపించదు.

చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని పట్నం వదిలేద్దామనుకునే కుటుంబాలు ఈమధ్య బాగా పెరిగాయి. మరీ మారుమూల పల్లెకు కాదు. ఓ మోస్తరు పట్టణానికి అయిదో పదో కిలోమీటర్ల దూరంలో, ఆసుపత్రీ బజారూ అందుబాటులో ఉండే ఊరు కావాలి. మేమూ 2022లో ఆ పని చేశాం. మూడేళ్ళు దాటింది. "ఎలా ఉందమ్మా అక్కడ?" అని అడిగేవాళ్ళకు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేక ఇది రాస్తున్నాను.

మావారి ఉద్యోగం వ్యవసాయ పనిముట్ల అమ్మకాలకు సంబంధించింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ మూడూ ఆయన తిరగాల్సిన ఊళ్ళు. మ్యాపులో చూస్తే మూడూ కలిసి ఓ త్రిభుజం. ఏ రెండింటి మధ్య అయినా గంటా గంటన్నర ప్రయాణం. ఆయన వారమంతా ఇటు తిరిగి, శనివారం రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చేవారు. బాబుకు ఆరేళ్ళు, పాపకు మూడేళ్ళు. నాన్న అంటే ఆదివారం వచ్చే మనిషి అని పాప అనుకునే పరిస్థితి. మనమే అటు వెళ్ళిపోతే సరి కదా అన్నాను. మూడు పట్టణాల్లో ఏది? పట్టణంలోనా, పక్క పల్లెలోనా? అక్కణ్నుంచి మొదలైంది వెతుకులాట.

ముందు మిర్యాలగూడ చూశాం. మూడింట్లో రైలుస్టేషన్ ఉన్నది దానికే. సికింద్రాబాద్, గుంటూరు లైను మీద ఉంటుంది. మా అమ్మానాన్నలు గుంటూరులో ఉంటారు కాబట్టి నా మనసు అటే లాగింది. ఆ చుట్టుపక్కల పచ్చదనమంతా నాగార్జునసాగర్ ఎడమ కాలువ చలవ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ నీళ్ళతోనే ఊళ్ళ నిండా వరి, ఆ వరితోనే పట్టణం చుట్టూ రైసుమిల్లులు. కోతల కాలంలో సూర్యాపేట, కోదాడ వైపు రైతులు కూడా సన్నవడ్లు ట్రాక్టర్ల మీద వేసుకుని మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరతారు. అన్నం పెట్టే ఊరు, వంక పెట్టడానికేముంది? కానీ మిల్లుల దగ్గరి ఇళ్ళలో దండెం మీద ఆరేసిన బట్టలు చూశాను. ఊక బూడిద నల్లగా పడి ఉంది. పాపకు చలికాలం వస్తే ఆయాసం. ఇక పొలాల మధ్యకు వెళ్తే ఇంటి పక్కనే కాలువ. నిండుగా పారుతుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో, మూడేళ్ళ పిల్ల ఉన్న తల్లికి అంత భయం.

తర్వాత కోదాడ. ఖమ్మానికి, విజయవాడకు, హుజూర్‌నగర్‌కు ఎటు వెళ్ళాలన్నా బస్సులే బస్సులు. 2014 జూన్ 2 తర్వాత ఆ పట్టణానికి కొత్త పదవి వచ్చింది. సరిహద్దు ఊరైంది. కాస్త ముందుకు వెళ్తే ఆంధ్రప్రదేశ్. అక్కడి ఊళ్ళలో చుట్టరికాలు హద్దుకు అటూ ఇటూ ఉంటాయి. ఇటు కూతురు, అటు కొడుకు. మాలాంటి రెండు ప్రాంతాల సంసారానికి సరిపోయే చోటే. మావారిది సూర్యాపేట పక్కన, నాది గుంటూరు కదా. అక్కడ మాకు నచ్చిన ఇల్లు ఓ కొత్త వెంచరులో ఉంది. ముప్పై అడుగుల రోడ్లు, వీధి దీపాలు, గేటు, కాపలా మనిషి. అన్నీ ఉన్నాయి. అరవై ప్లాట్లలో కట్టిన ఇళ్ళు నాలుగు. ఆ నాలుగింట్లో రెండిళ్ళకు తాళాలు.

ఆ రోజు రాత్రి మా మావయ్యగారు ఓ మాట అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ బడుల్లో పంతులుగా చేసి రిటైరైన మనిషి. "మీరు ఇళ్ళు చూస్తున్నరు, ఊరు చూస్తలేరు. పొద్దున పది గంటలకు పోతే ఏ ఊరైనా బాగనే ఉంటది. సాయంత్రం నాలుగున్నరకు పోండి. ఎంతమంది పిల్లలు బయట ఆడుతున్నరో లెక్కపెట్టండి. పిల్లలు లేని ఊర్ల మీ పిల్లలేం చేస్తరు?"

అంతవరకు మా కాగితం మీద ఇంటి అద్దె, ఆసుపత్రి దూరం, బస్సు టైములు, సెల్ సిగ్నల్ ఇవన్నీ ఉన్నాయి. ఈ లెక్క లేదు. ఆ తర్వాతి రెండు శనివారాలు సూర్యాపేట చుట్టూ ఉన్న పల్లెలకు సాయంత్రం పూట వెళ్ళాం. రహదారికి ఇవతల ఇళ్ళు, అవతల బడి ఉన్న ఊళ్ళను ముందే తీసేశాం. నాలుగు వరసల రోడ్డు మీద లారీల వేగం తెలిసినవాళ్ళెవరూ పిల్లల్ని దాటించరు. మూసీ ఒడ్డు ఊళ్ళు రెండు చూసి వెనక్కి వచ్చాం. హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చే నది అది. మేం పట్నంలో వదిలిన నీళ్ళే ఇక్కడ మళ్ళీ ఎదురొస్తాయన్న సంగతి తలుచుకుంటే అదోలా అనిపించింది.

ఒక ఊరు వెళ్ళేసరికి నాలుగూ నలభై అయింది. శుభ్రమైన సిమెంటు రోడ్లు, వేపచెట్లు, అరుగుల మీద ముసలివాళ్ళు. ఒక్క పిల్లా లేదు. "పిల్లలేరి పెద్దమ్మా?" అని అడిగాను. "బస్సులు రాలే బిడ్డా, ఆరైతది" అంది. పొద్దున ఏడింటికి పసుపుపచ్చ బస్సులు వచ్చి పిల్లల్ని పట్టణం బడులకు తీసుకుపోతాయి. మసకచీకటి పడుతుంటే దించుతాయి. తిని పడుకోవడమే. కాస్త స్తోమత ఉన్నవాళ్ళు సూర్యాపేటలో గది తీసుకుని తల్లినీ పిల్లల్నీ అక్కడే పెట్టారట. మనం పిల్లల కోసమని పల్లె వెతుక్కుంటూ వస్తుంటే, పల్లె తన పిల్లల్ని పట్నం పంపించేస్తోంది. దారిలో ఇద్దరం ఎదురెదురుగా పోతున్నామన్నమాట!

చివరికి కుదిరిన ఊరు సూర్యాపేటకు ఎనిమిది కిలోమీటర్లు. పేరు రాయను. రాస్తే నా ఇరుగుపొరుగులు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పిల్లలమర్రి గుళ్ళకు మరీ దూరం కాదని మాత్రం చెప్తాను. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్డి సామంతులు కట్టించిన శివాలయాలు అవి. నల్లరాతి స్తంభాలు ఎనిమిది వందల ఏళ్ళయినా ఇంకా అద్దాల్లా ఉంటాయి. కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే అంటారు. నాకు ఆ పేరే ముచ్చటగా ఉంటుంది. మర్రిచెట్టు ఊడలు దిగి, ఊడలే మళ్ళీ మానులై, ఆ పిల్లల మధ్య తల్లిమాను ఏదో తెలియకుండా పోతుంది. అదే పిల్లలమర్రి.

మేం వెళ్ళిన సాయంత్రం ఆ ఊళ్ళో వడ్లు ఆరబోసే కల్లంలో పదకొండుమంది క్రికెట్ ఆడుతున్నారు. ఓ పక్కన నలుగురు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ. ఇంకో ముగ్గురు చిన్నవాళ్ళు ట్రాక్టరు టైరు దొర్లిస్తున్నారు. మావారు నావైపు చూశారు. "పద్దెనిమిది" అన్నాను. ఊరి చివర 2022 జూన్‌లోనే పెట్టిన క్రీడా ప్రాంగణం బోర్డు ఉంది. దాని కింద పిచ్చిగడ్డి తప్ప ఆడేవాళ్ళు లేరు. పిల్లలు ఆటస్థలాన్ని బోర్డు చూసి ఎంచుకోరు కదా.

ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మొదటి ప్రశ్న "మీరేమిటోళ్ళు?" అని. అపార్టుమెంటులో ఇదే ప్రశ్నను చుట్టుతిప్పి, ఇంటిపేరు అడిగి, నాన్‌వెజ్ తింటారా అని అడిగి రాబడతారు. ఇక్కడ ముఖం మీదే అడిగారు. పల్లె గురించి తీపి మాటలు చెప్పేవాళ్ళు ఈ సంగతి దాచకూడదు. ఊరికి ఓ మధ్య, ఓ చివర ఉంటాయి. ఎవరు ఏ వాడలో ఉంటారో పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. కల్లంలో మాత్రం బ్యాటు ఎవరిదైతే వాళ్ళదే మొదటి బ్యాటింగు. ఆ హద్దులు పిల్లలకు ఎప్పుడు తెలుస్తాయో, ఎవరు నేర్పుతారో కళ్ళారా చూస్తున్నాను. పదీ పదకొండేళ్ళు వచ్చేసరికి కొందరు ఆట మధ్యలోంచి ఇంటికి పిలుపులు అందుకుంటారు. మా ఇంటి నుంచి మాత్రం అలాంటి పిలుపు వెళ్ళదు. మేం చేయగలిగింది ప్రస్తుతానికి అంతే.

రెండో సంగతి నీళ్ళు. ఇది ఉమ్మడి నల్గొండ నేల. ఇంటాయన పెరట్లో బోరు చూపించి "కొబ్బరి నీళ్ళలెక్క ఉంటయ్" అన్నాడు. రుచిగా ఉన్నంత మాత్రాన మంచి నీళ్ళు కావు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చేవరకు శాశ్వత దంతాల పింగాణీ పొర లోపల తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడు నీళ్ళు తాగితే పళ్ళ మీద పసుపు, గోధుమరంగు మచ్చలు వచ్చి జీవితాంతం ఉండిపోతాయి. ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలకే ఎసరు. మరగబెడితే పోతుందనుకుంటారు కొందరు. పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీళ్ళలో ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే విధానానికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి దాన్ని రూపొందించింది. జిల్లా పేరు సైన్సు పుస్తకాలకు ఎక్కిందని సంతోషించాలో, ఎందుకు ఎక్కిందో తలుచుకుని బాధపడాలో తెలియదు. మేం బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాం. హద్దుకు కొంచెం పైనే ఉంది. బోరు స్నానాలకు, గిన్నెలకు. తాగడానికి, వంటకు భగీరథ నల్లా. నల్లా రాని రోజు ప్లాంటు నుంచి క్యాను. పిల్లలున్నవాళ్ళు ఇల్లు ఖాయం చేసుకోక ముందే చేయాల్సిన పని ఈ పరీక్ష.

పోయిన మొదటి నెలలో నాకు భయం కానిది లేదు. కోతులు దర్జాగా వంటింట్లోకి వచ్చి పాప చేతిలో బిస్కట్ ప్యాకెట్ లాక్కుపోయాయి. గడ్డివాము దగ్గర కట్లపాము కనిపించింది. పత్తికి, వరికి మందు కొట్టే రోజుల్లో గాలి ఇటు తిరిగితే ముక్కు మండుతుంది. వాడేసిన మందు సీసాలు గట్ల మీద పడి ఉంటాయి. పొలాల్లో పాత బావులు. నీళ్ళు పడక వదిలేసిన బోరు గుంతలు. 2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర పసిపాప పడిపోయింది అలాంటి గుంతలోనే. వదిలేసిన బోర్లకు మూత బిగించాలని, పూడ్చేయాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మావారు, ఎదురింటాయన కలిసి మా ఇంటి చుట్టుపక్కల పొలాలన్నీ ఓ ఆదివారం తిరిగి రెండు గుంతలకు రాళ్ళు, మట్టి నింపించారు.

ఆశ్చర్యమేమిటంటే, నేను కాగితం మీద రాసుకున్న జాగ్రత్తలన్నీ ఆ పిల్లలకు వచ్చు. "మందు కొట్టిన చేన్ల జొన్నకంకి ముట్టొద్దు", "కోతిని చూసి ఉరకొద్దు, పండ్లు కనపడేటట్టు నవ్వొద్దు", "చీకట్ల టార్చి లేకుండ గడ్డిల కాలు పెట్టొద్దు", "బాయికాడికి పెద్దోళ్ళు లేకుండ పోవద్దు". మా బాబుకు ఇవన్నీ చెప్పింది తొమ్మిదేళ్ళ పిల్ల. నేను చెబితే "ఊఁ" అనేవాడు, ఆ పిల్ల చెబితే విన్నాడు. పాము కరిస్తే గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, మంత్రాల దగ్గరికి పోవద్దు, నడిపించకుండా నేరుగా సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి అన్నది మాత్రం మేం చెప్పాం. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే.

ఇక వరసల సంగతి. ఫ్లాట్లలో మా పిల్లలకు ప్రపంచమంతా ఇద్దరే, అంకుల్, ఆంటీ. ఈ ఊరికి వచ్చిన వారం రోజులకే ఇంటి ఓనరమ్మ తేల్చేసింది. "నీ పెనిమిటి మా ఇంటాయనకు కొడుకు వరస. నువ్వు నాకు కోడలివైతవ్." దాంతో ఆమె మా పిల్లలకు నాయనమ్మ. ఆమె కూతురు మేనత్త. ఎదురింటి ఆటో ఆయన నన్ను చెల్లె అన్నాడు కాబట్టి మేనమామ. పిల్లలకు రక్తసంబంధం లేని ఓ పెద్ద చుట్టరికం ఊరికే అమరిపోయింది. వరస అంటే పిలుపు ఒక్కటే కాదు, దానికో పని ఉంటుంది. నాయనమ్మకు అన్నం తినిపించే హక్కు ఉంది, మేనమామకు చెవి మెలిపెట్టే హక్కు ఉంది. అంకుల్‌కు ఏ హక్కూ లేదు, అందుకే ఏ బాధ్యతా లేదు.

దీని విలువ ఓ సాయంత్రం తెలిసింది. పాపకు అప్పటికి నాలుగేళ్ళు. నేను దండెం మీద బట్టలు తీసి వచ్చేసరికి వాకిట్లో లేదు. కల్లంలో లేదు. నాయనమ్మ ఇంట్లో లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బావులన్నీ కళ్ళ ముందు కనిపించాయి. వీధి మలుపు తిరిగానో లేదో, ఎప్పుడూ మాట్లాడని ఓ ముసలామె అరుగు మీద నుంచే అంది: "నీ బిడ్డ చెర్వు కట్ట మీద గొర్లకాడ ఉన్నది. ఎంబడి పెద్దాయన ఉన్నడు. ఉరకకు, పడ్తవ్." నాలుగు అడుగులు వేస్తే కిరాణా కొట్టాయన అదే చెప్పాడు. కట్ట దగ్గరికి చేరేలోపు ముగ్గురు చెప్పారు. గొర్రెపిల్ల వెంట నడుచుకుంటూ పోయిన పిల్లను ఊరు ఊరంతా ఒక అరుగు నుంచి ఇంకో అరుగుకు చూపులతో అప్పజెప్పుకుంటూ వచ్చింది. మా వెనకటి వీధిలో సీసీ కెమెరాలు పదహారు ఉండేవి. వాటికి పాప పేరు తెలియదు.

అయితే ఇదే చూపు మరో రకంగానూ ఉంటుంది. మా ఇంటికి ఎవరొచ్చారు, ఏం కూర వండాను, ఎందుకు ఏడ్చాను అన్నీ ఊరికి తెలుసు. మొదటి ఏడాది నాకు ఊపిరాడని రోజులున్నాయి. మాట్లాడేందుకు తోటివాళ్ళు లేరు. సూర్యాపేటకు రోజుకు నాలుగు ట్రిప్పుల పల్లెవెలుగు. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక కాస్త దారి దొరికింది. వారానికోసారి నేనూ, మేనత్త వరసామె కలిసి పట్టణం వెళ్ళి కూరగాయలు, పిల్లలకు కథల పుస్తకాలు తెచ్చుకుంటాం. రాత్రి పూట జ్వరం వస్తే ఇప్పటికీ గుండె దడే. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ఆ దవాఖాన ఉందన్న ధైర్యం ఉంది. కానీ అర్ధరాత్రి ఎనిమిది కిలోమీటర్లు ఎనభైలా ఉంటాయి.

అసలు పరీక్ష బడి దగ్గర వచ్చింది. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల ఉంది. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. 2009 విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవైమంది పిల్లల లోపు బడికి అంతే. 2022 జూన్ నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఓ పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. బడిబాట అని టీచరమ్మ మా గుమ్మంలోకి వచ్చి అడిగింది. ఆ ఊరి పిల్లల్లో సగానికి సగం పొద్దున్నే పట్టణం బస్సెక్కుతున్నారు. ఇంకో పదిమంది తగ్గితే బడి నిలుస్తుందా అన్నది ఆమె దిగులు. మేం ఇద్దరం చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. బాబును బస్సెక్కిస్తే వాడు సాయంత్రం నాలుగున్నరకు ఊళ్ళో ఉండడు. ఇక ఈ ఊరికి వచ్చి లాభమేమిటి? బాబును ఒకటో తరగతిలో, పాపను అంగన్‌వాడీలో వేశాం. మా వదిన ఫోనులో "పిల్లల భవిష్యత్తుతో ఆటలా?" అంది. మా అమ్మ నెల రోజులు ఆ మాట ఎత్తకుండా మాట్లాడింది. అది ఇంకా కష్టం.

నన్ను ఆలోచనలో పడేసింది వాళ్ళ మాటలు కాదు. ఎదురింటి ఆటో అన్నయ్య మాట. ఆయన చిట్టీ ఎత్తి మరీ ఇద్దరు పిల్లల్ని పట్టణం బడికి పంపిస్తాడు. "అన్నా, ఇక్కడ టీచర్లు బాగానే చెబుతున్నారు కదా" అన్నాను ఓ రోజు. ఆయన నవ్వాడు. "మీరు సదువుకున్నోళ్ళు చెల్లే. బడిల చెప్పకున్నా ఇంట్ల కూసోబెట్టి చెప్పుకుంటరు. మాకు ఇంట్ల చెప్పేటోళ్ళు ఎవరున్నరు? మాకు బడే గతి."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా ధైర్యం వెనక మా చదువు ఉంది, వద్దనుకుంటే వెనక్కి వెళ్ళే దారి ఉంది. ఆయనకు ఉన్నది ఒక్క అవకాశం. అందుకే ఆయన బస్సును నేనెప్పుడూ తప్పు పట్టను. ఆ వారం నుంచి సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదింటి దాకా మా వసారాలో చాప పరిచాను. మా పిల్లలు ఎలాగూ చదువుకుంటారు, వచ్చేవాళ్ళు రండి అన్నాను. ముందు నలుగురు వచ్చారు. తర్వాత తొమ్మిదిమంది. బస్సు దిగి వచ్చేవాళ్ళూ ఉంటారు, ఊరి బడి వాళ్ళూ ఉంటారు. ఏ వాడ నుంచైనా వస్తారు. చాప ఒక్కటే. మొదట్లో ఒకరిద్దరు తల్లులు గడప దగ్గర నిలబడి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసి వెళ్ళేవారు. ఇప్పుడు ఆ చూపులు కాస్త తగ్గాయి.

బాబు చదువు ఎలా ఉందంటారా? లెక్కలు బాగా వచ్చు. తెలుగు తప్పుల్లేకుండా రాస్తాడు. ఇంగ్లీషు మాట్లాడడంలో హైదరాబాద్‌లోని వాళ్ళ పెదనాన్న పిల్లల కంటే వెనకే. మధ్యాహ్నం బడిలో అన్నం, గుడ్డు అందరితో కలిసి తింటాడు. ఆరో తరగతికి ఏం చేయాలన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ సంవత్సరం దగ్గరికొస్తున్న కొద్దీ రాత్రి మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఇద్దరమూ ఒప్పుకున్నది ఒక్కటే. ఏ బడి అయినా, సాయంత్రం వెలుతురు ఉండగా ఇంటికి రావాలి.

2025 ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతర జరిగింది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతులస్వామికి రెండేళ్ళకోసారి చేసే జాతర. తెలంగాణలో మేడారం తర్వాత అంతటిది ఇదే అంటారు. ఆ రోజుల్లో హైవే మీద వాహనాలనే వేరే దారి మళ్ళిస్తారు. డోలు దెబ్బలు, ఓ లింగా అన్న కేకలు, గంపలెత్తుకున్న ఆడవాళ్ళు. మేనమామ వరసాయన పాపను భుజాల మీద ఎక్కించుకుని గుట్ట ఎక్కాడు. కిందికి వచ్చాక ఎవరో "ఎవరింటోళ్ళ పిల్లవే?" అని అడిగారు. అది నాన్న పేరు చెప్పలేదు, హైదరాబాద్ అనలేదు. మా ఊరి పేరు చెప్పింది. మావారు ఆ మాట విని ఏమీ అనలేదు గానీ, ఇంటికి వచ్చేదాకా రెండుసార్లు గుర్తు చేసుకున్నారు.

ఇలా రావాలనుకునేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఎంత ఖర్చవుతుంది, పాములుంటాయా, నెట్ వస్తుందా అని. అవన్నీ అడగాల్సినవే. నీళ్ళు పరీక్ష చేయించండి. బడికీ ఇంటికీ మధ్య పెద్ద రోడ్డు లేకుండా చూసుకోండి. బావులూ బోరు గుంతలూ ఎక్కడున్నాయో తెలుసుకోండి. అర్ధరాత్రి దవాఖానకు తీసుకుపోయే ఆటో ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోండి. గాలి, చెట్లు, విశాలమైన వాకిలి దొరికితే సంతోషమే. కానీ అవి రెండో రోజుకే పిల్లలకు అలవాటైపోతాయి. వాళ్ళను బయటికి పిలిచేది ఇంకో పిల్ల కేక. వాళ్ళను భద్రంగా ఇంటికి చేర్చేది అరుగు మీది పెద్దవాళ్ళ చూపు. ఆ రెండూ ఏ వెంచరు బ్రోచర్‌లోనూ ఉండవు. డబ్బు పెట్టి కట్టించలేం. ఉన్న ఊరును వెతుక్కోవాలి, ఉన్నవి పోకుండా చూసుకోవాలి.

కాబట్టి ఊరు చూడడానికి సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళండి. బయట ఆడుతున్న పిల్లల్ని లెక్కపెట్టండి. ఆ లెక్క నచ్చితే ఇల్లు తీసుకోండి. తర్వాత మీ పిల్లల్నీ ఆ లెక్కలో కలపండి. మా ఊళ్ళో ఆ రోజు పద్దెనిమిది. మేం వెళ్ళాక ఇరవై అయింది.